‘మీ వివరాలు మా దగ్గర ఉంటాయి’: తిరస్కరించిన అభ్యర్థులను ఒక కంపెనీ మళ్లీ వెతికిన కేసు

“ఈసారి మీ దరఖాస్తును ముందుకు తీసుకువెళ్లలేకపోతున్నాం. మీ వివరాలు మా దగ్గర భద్రంగా ఉంటాయి, తగిన ఖాళీ వస్తే సంప్రదిస్తాం.” ఉద్యోగం వెతికిన ప్రతి ఒక్కరికీ ఈ మాటలు ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటాయి. నియామకాల పనిలో ఉన్నవాళ్లం వీటిని రోజూ పంపుతూనే ఉంటాం. వివరాలు ఉంటాయన్న మాట చాలావరకు నిజమే. సంప్రదిస్తామన్న మాట సంగతే చూడాలి.

నేను కంపెనీలకు నియామకాల విషయంలో సలహాలిస్తుంటాను. ఇక్కడ రాస్తున్నది ఆస్పత్రి యంత్రాల మరమ్మతులు చూసే ఒక మధ్యస్థాయి కంపెనీ వ్యవహారం. మనుషులను గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను. వాళ్లు నన్ను పిలిచింది ఈ ప్రశ్న కోసం కాదు. ప్రతి ఖాళీకీ కొత్త ప్రకటన, ఏజెన్సీకి కొత్త ఫీజు, మళ్లీ మొదటి నుంచి ఇంటర్వ్యూలు అవుతున్నాయి, ఈ ఖర్చు ఎక్కడ తగ్గించవచ్చో చెప్పమన్నారు. అన్ని లెక్కలూ ముందేసుకునే బదులు ఒకే ఒక పోస్టును పట్టుకుని, దాని కాగితాలు మొదటి ప్రకటన నుంచి చదువుకుంటూ వచ్చాను.

మొదటి విడత

పోస్టు పేరు సర్వీస్ కోఆర్డినేటర్. ఎక్కడో ఆస్పత్రిలో స్కానింగ్ యంత్రం ఆగిపోతుంది, ఫోను వస్తుంది. ఏ ఇంజినీరును పంపాలి, కావలసిన విడిభాగం ఏ గోదాములో ఉంది, అప్పటికే మరోచోటికి బయలుదేరిన మనిషిని దారి మళ్లించవచ్చా అన్నవి నిమిషాల్లో తేల్చాలి. అవతల మాట్లాడేవారు కోపంగా ఉంటారు. వాళ్ల కోపం న్యాయమైనదే. పేరులో ఆర్భాటం లేకపోయినా, సరైన మనిషి దొరకడం కష్టమైన కొలువు ఇది.

దరఖాస్తులు వందల్లో వచ్చాయి. వాటిలో అత్యధిక భాగం రెజ్యూమె చదివే దశలోనే ఆగిపోయాయి. అక్కడ ఆగిపోయినవారిని తర్వాతి ఖాళీకి కంపెనీయే వెతికి పిలవడం చాలా అరుదు. వాళ్లతో ఎవరూ మాట్లాడలేదు కాబట్టి వాళ్ల గురించి ఎవరికీ ఏమీ గుర్తుండదు. ఇక ఈ కేసంతా చివరి దాకా వచ్చినవారి గురించే.

అలా వచ్చినవారు నలుగురు. ఫోనులో సంభాషణ, రెండు ఇంటర్వ్యూలు, ఒక రోజుకు ఇంజినీర్ల షెడ్యూలు వేసి చూపించే పరీక్ష, అన్నీ దాటారు. ఒకరికి ఉద్యోగం వచ్చింది. మిగిలిన ముగ్గురిలో ఒకామె రెండో స్థానంలో నిలిచారు. షెడ్యూలు పరీక్షలో అందరికంటే బాగా చేసింది ఆమే. ఎంపికైన వ్యక్తికి ఆ కంపెనీ వాడే సాఫ్ట్‌వేరు ముందే తెలుసు, ఆమెకు తెలియదు, తేడా అంతే. మరొకరు అడిగిన జీతం ఆ పోస్టు శ్రేణిని మించిపోయింది. ఇంకొకరు మితభాషి. కోపంగా ఉన్న కస్టమరును ఈయన ఎలా సముదాయిస్తారని ప్యానెల్లో ఒకరు సందేహపడ్డారు, మిగతావారు తలూపారు.

మగవాళ్లిద్దరికీ తిరస్కరణ మెయిలు వెంటనే వెళ్లింది. రెండో స్థానంలో ఉన్నామెకు మాత్రం వారాల తరబడి ఏ కబురూ లేదు. దరఖాస్తుదారులు ఇలాంటి మౌనాన్ని నిర్లక్ష్యం కింద లెక్కగడతారు. ఎక్కువసార్లు అది లెక్క వేసుకుని పాటించే మౌనం. ఎంపికైన వ్యక్తి ఆఫర్ లెటర్ తీసుకుని, పాత ఉద్యోగంలో నోటీస్ పీరియడ్ ముగించి, మొదటి రోజు పనిలోకి వచ్చేదాకా కంపెనీకి నమ్మకం ఉండదు. పాత యజమాని జీతం పెంచి ఆపేయవచ్చు, ఇంకెక్కడి నుంచో మంచి ఆఫర్ రావచ్చు. అందుకే రెండో మనిషికి ‘కాదు’ అని చెప్పరు, ‘అవును’ అనీ చెప్పరు. తిరస్కరించబోయిన అభ్యర్థికి కంపెనీ మళ్లీ ఫోను చేసే సందర్భాల్లో పెద్ద వాటా ఈ వ్యవధిలోనే ఉంటుందని నా అనుభవం. పనిలో చేరినవారు మొదటి నెలల్లోనే మానేస్తే కూడా అదే జాబితా బయటికొస్తుంది. ఇక్కడ అలా జరగలేదు. ఎంపికైన వ్యక్తి చేరారు, కుదురుకున్నారు. అప్పుడు ఆమెకూ అదే మెయిలు వెళ్లింది, జవాబు రాయడానికి వీల్లేని చిరునామా నుంచి.

అదే ఖాళీ మళ్లీ

ఏడాది తిరగకముందే మరో బృందంలో అదే పోస్టు ఖాళీ అయింది. రాత్రి షిఫ్టు కలిసినందువల్ల జీతం శ్రేణి కాస్త పైది. పని అదే, సాఫ్ట్‌వేరు అదే. హెచ్‌ఆర్ విభాగం కొత్త ప్రకటన వేసి, ఏజెన్సీకి కబురు పెట్టింది. నేను రంగంలోకి వచ్చింది అప్పుడే.

“కిందటిసారి చివరి దాకా వచ్చినవాళ్లలో ఎవరినైనా అడిగారా?” అన్నాను.

“వాళ్లు తిరస్కరణ అయినవాళ్లు కదండీ,” అన్నారు హెచ్‌ఆర్ అధికారి, నేనేదో చిత్రమైన మాట అన్నట్టు.

ఆ జవాబు వెనుక మొండితనం లేదు. వాళ్ల వ్యవస్థ మొత్తం అలా ఆలోచించేలా కట్టి ఉంది. దరఖాస్తుల సాఫ్ట్‌వేరులో ప్రతి మనిషీ ఒక ఖాళీ నంబరు కింద నమోదవుతారు. ఆ ఖాళీ భర్తీ కాగానే ఫైలు మూతపడుతుంది, దాని కిందివాళ్లంతా దాంతోపాటే అటకెక్కుతారు. వెతకడానికి సౌకర్యం ఉంది. కానీ ఏమని వెతకాలి? తిరస్కరణకు కారణం నమోదు చేసే చోట సాఫ్ట్‌వేరు ఒక జాబితా చూపిస్తుంది. అందులో మొదటిది ‘అనుభవం చాలదు’. పని ఒత్తిడిలో ఉన్న రిక్రూటర్ ముగ్గురికీ దాన్నే నొక్కేశారు. కాబట్టి పరీక్షలో మొదట నిలిచినామె, ఎక్కువ జీతం అడిగేంత అనుభవం ఉన్న వ్యక్తి, మితభాషి, రికార్డులో ముగ్గురూ అనుభవం చాలనివారే. ఆ ఫైలు ఎవరైనా తెరిచి చూసినా మూసేసేవారు.

ఆ రిక్రూటర్ ఈలోగా వేరే కంపెనీకి వెళ్లిపోయారు. నా దృష్టిలో అసలు విషయం ఇదే. తిరస్కరించిన అభ్యర్థిని మళ్లీ పిలిచిన సందర్భాలు నేను చాలా చూశాను. దాదాపు అన్నింటిలోనూ మొదలు ఒక మనిషి జ్ఞాపకమే. ‘కిందటేడు ఒకామె వచ్చారు, షెడ్యూలు భలే వేశారు, ఆమె పేరేమిటి?’ అని ఎవరో అడుగుతారు. ఆ తర్వాతే ఎవరైనా డేటాబేసు తెరిచేది, అదీ ఫోను నంబరు కోసం. గుర్తున్న మనిషి ఉద్యోగం మారితే కంపెనీ మతి కూడా వారితోపాటే వెళ్లిపోతుంది.

మరి అభ్యర్థుల వివరాలు అసలు ఎందుకు దాస్తారు? చాలాచోట్ల చట్టం కోసం. అమెరికాలో సమాన ఉపాధి అవకాశాల కమిషన్ నిబంధనల కిందికి వచ్చే ప్రైవేటు యజమానులు దరఖాస్తులతో సహా నియామక రికార్డులను కనీసం 1 సంవత్సరం ఉంచాలి. వివక్ష జరిగిందని రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే చూపించడానికి. అక్కడి కంపెనీ ‘మీ వివరాలు ఉంచుతాం’ అంటే, మళ్లీ పిలిచే ఉద్దేశం ఉన్నా లేకున్నా ఆ మాట నిజమే అవుతుంది. ఐరోపాలో ఒత్తిడి దీనికి ఎదురు దిక్కు నుంచి వస్తుంది. 2018 మే 25 నుంచి అమలులో ఉన్న డేటా రక్షణ నిబంధన, అవసరమైనంత కాలానికి మించి వ్యక్తిగత వివరాలు ఉంచకూడదంటుంది. ఫ్రాన్స్‌లోని డేటా రక్షణ సంస్థ, ఎంపిక కాని అభ్యర్థుల వివరాలను భవిష్యత్ ఖాళీల కోసం ఉంచుకుంటే చివరి సంప్రదింపు నుంచి 2 సంవత్సరాలు మించకూడదని సూచిస్తుంది. కాబట్టి అక్కడ ఎంత మంచి అభ్యర్థి అయినా ఒక గడువు తర్వాత ఫైలులోంచి మాయమవుతారు.

మా కేసులోని కంపెనీ పెట్టుకున్న గడువు 12 నెలలు. అది దగ్గర పడుతోంది. ఇంకొన్ని వారాలు ఆగి ఉంటే ముగ్గురి వివరాలూ వాటంతటవే చెరిగిపోయేవి.

ఇక కొత్త బృందం మేనేజర్. ఆయన అభ్యంతరం ఆత్మగౌరవానికి సంబంధించింది. “వేరే బృందం వద్దన్న మనిషిని నేనెందుకు తీసుకోవాలి?” అన్నారు. 1960లో మార్టిన్ గార్డ్‌నర్ ఒక అమెరికన్ సైన్సు పత్రికలోని తన శీర్షికలో ప్రచారంలోకి తెచ్చిన ఒక లెక్క నాకు గుర్తొచ్చింది. ఒక్కో అభ్యర్థినీ వరుసగా చూస్తారు, అక్కడికక్కడే తేల్చాలి, వద్దని పంపేసినవారిని తిరిగి పిలవకూడదు. ఆ నియమాల కింద, అభ్యర్థులు ఎక్కువమంది ఉన్నప్పుడు, మొదటి 37 శాతం మందిని ఊరికే చూసి వదిలేసి, ఆపైన వారందరినీ మించినవారు ఎదురుపడగానే తీసుకోవడం ఉత్తమమని గణితం తేలుస్తుంది. చక్కటి లెక్క. అయితే తిరిగి పిలవకూడదన్నది లెక్కను ఆసక్తికరం చేయడానికి పెట్టిన షరతు. నిజమైన కంపెనీకి ఆ షరతు ఎవరూ పెట్టలేదు, ఆయన తనకు తానే పెట్టుకున్నారు.

అలాంటి షరతు పెట్టుకోని సంస్థలూ ఉన్నాయి. బ్రిటన్ సివిల్ సర్వీసులో, ప్రమాణానికి తగినవారని తేలినా ఖాళీలు చాలక మిగిలిపోయినవారిని రిజర్వు జాబితాలో పెడతారు. 12 నెలల వరకు అదే తరహా ఇతర ఖాళీలను మళ్లీ పోటీ పెట్టకుండానే ఆ జాబితా నుంచి నింపవచ్చు. అక్కడ ‘తిరస్కరణ’, ‘తగినవారే, కానీ ఈసారికి చోటు లేదు’ అన్నవి వేర్వేరు గడుల్లో ఉంటాయి. చాలా ప్రైవేటు కంపెనీల్లో రెండూ ఒకే గడి.

మూడు ఫోన్లు

పాత ప్యానెల్ సభ్యులు ఇంటర్వ్యూలప్పుడు చేత్తో రాసుకున్న కాగితాలు అదృష్టవశాత్తూ ఒక కవరులో మిగిలి ఉన్నాయి. సాఫ్ట్‌వేరు చెప్పలేనిది అవి చెప్పాయి. మేనేజర్ వాటిని చదివాక ముగ్గురితోనూ మాట్లాడటానికి ఒప్పుకున్నారు. హెచ్‌ఆర్ నుంచి కాకుండా ఆయనే స్వయంగా చేయాలని, కిందటి ఇంటర్వ్యూ సంగతి మొదటే చెప్పాలని, ఉద్యోగం ఖాయమన్న భావన కలిగించకూడదని ముందే అనుకున్నాం.

మొదటి ఫోను రెండో స్థానంలో నిలిచినామెకు. ఆమె అప్పటికే వేరే కంపెనీలో చేరారు. మర్యాదగా అంతా విన్నారు. ఆపైన అడిగారు: “అప్పుడు నన్నెందుకు వద్దన్నారో ఇప్పుడైనా చెబుతారా?” మేనేజర్ దాచకుండా సాఫ్ట్‌వేరు సంగతి చెప్పారు. “అది కొద్ది రోజుల్లో నేర్చుకునే పని కదండీ,” అన్నారామె. దానికి ఆయన దగ్గర జవాబు లేదు. ఆమె రానన్నారు, మళ్లీ ఖాళీ వచ్చినా తనకు చెప్పవద్దన్నారు.

నన్నడిగితే అందులో ఆశ్చర్యం లేదు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో పతకాలు గెలిచినవారి ముఖకవళికలను వీడియోల్లో పరిశీలించి, 1995లో అమెరికా మనస్తత్వ పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. రజతం గెలిచినవారికంటే కాంస్యం గెలిచినవారే ఎక్కువ సంతోషంగా కనిపించారు. మూడోవారు పతకం తప్పిపోయే ప్రమాదం నుంచి బయటపడ్డామనుకుంటారు, రెండోవారికి చేజారిన స్వర్ణమే కనిపిస్తుంది. కంపెనీ మళ్లీ పిలవాలనుకునేది ఎక్కువగా రెండోవారినే. ఎక్కువ నొచ్చుకున్నదీ వాళ్లే. అలాంటివారికి జవాబు రాయలేని చిరునామా నుంచి మూడు వాక్యాల మెయిలు పంపిన కంపెనీ, ఆ పూటే తన రెండో అవకాశాన్ని పోగొట్టుకుంది. అదే రోజు రెండు నిమిషాలు ఫోనులో మాట్లాడి ఉంటే ఆమె వచ్చేవారని నేను చెప్పలేను. కనీసం తలుపు మూసేవారు కాదు.

జీతం దగ్గర ఆగిపోయిన వ్యక్తి విషయం పొడిగా ముగిసింది. కొత్త శ్రేణిలో ఆయన అడిగిన మొత్తం సరిగ్గా ఇమిడిపోతుంది. మళ్లీ పిలవడానికి ఇంతకంటే సులువైన అభ్యర్థి ఉండరు, ఎందుకంటే అప్పుడు కుదరనిది పోస్టు, మనిషి కాదు. కానీ రెజ్యూమెలోని ఫోను నంబరు పనిచేయడం లేదు. మెయిలు పెడితే, పోస్టు భర్తీ అయిపోయాక జవాబు వచ్చింది.

మితభాషి ఫైలు తెరిచినప్పుడు మాత్రం అందరం కాసేపు తెరవైపు చూస్తూ ఉండిపోయాం. ఆయన కొత్త ప్రకటన చూసి అప్పటికే మళ్లీ దరఖాస్తు చేసుకున్నారు. రెజ్యూమెలు వడపోసే ఉద్యోగికి ఆయన పేరు పక్కన పాత రికార్డు కనిపించింది: అనుభవం చాలదు. పక్కన పెట్టేశారు. అంటే మేనేజర్ ఏ మనిషి నంబరు కోసం వెతుకుతున్నారో, అదే మనిషిని ఆ కంపెనీయే రెండోసారి తిరస్కరించే పనిలో ఉంది. ఎవరో ఒకసారి నొక్కిన గడి ఆయనకు శాశ్వత ముద్ర అయిపోయింది.

పాత కాగితాల్లో ఆయన గురించి ఒక సభ్యుడు రాసుకున్నది ఇది: కోపంగా ఉన్న కస్టమరు పాత్ర మేం వేస్తే, చివరి దాకా విన్నారు, తర్వాత రెండే ప్రశ్నలు అడిగారు, రెండూ అవసరమైనవే. మొదటి ప్యానెల్ దీన్ని లోపంగా చదివింది. రాత్రి షిఫ్టు నడిపే మేనేజర్‌కు ఇది వేరేలా వినిపించింది. “అర్ధరాత్రి నాకు కావలసింది ఇలాంటి మనిషే,” అన్నారాయన. ఒకే ఇంటర్వ్యూ పెట్టి తీసుకున్నారు.

తర్వాత

కంపెనీ చేసిన మార్పులు పెద్దవేమీ కావు. చివరి దశ దాకా వచ్చినవారి విషయంలో కారణాల జాబితా తీసేసి, రెండు వాక్యాలు చేత్తో టైపు చేయడం తప్పనిసరి చేశారు. కారణం మనిషిదా, ఆ పోస్టుదా అన్నది అందులో తేలాలి. ప్రకటన వేయడానికి ముందు అదే తరహా పాత ఖాళీల చివరి జాబితాలు చూడాలన్నారు. వివరాలు ఎంతకాలం ఉంచవచ్చో అభ్యర్థినే అడిగి అనుమతి తీసుకోవడం మొదలుపెట్టారు. రెజ్యూమె దశలో ఆగిపోయినవారి మెయిలు నుంచి ‘తగిన ఖాళీ వస్తే సంప్రదిస్తాం’ అన్న మాట తీసేయమన్నాను. తీసేశారు. అందరికీ అదే మాట చెబితే, నిజంగా పిలవదలచినవారికి చెప్పడానికి మాటలేమీ మిగలవు.

పాత జాబితా నుంచే నింపితే చాలు, ప్రకటన ఎందుకు అని ఆర్థిక విభాగం ఉత్సాహపడింది. నేను వద్దన్నాను. పాత జాబితాతోపాటు పాత ప్యానెల్ ఇష్టాయిష్టాలు కూడా తిరిగి వస్తాయి, కొత్తవాళ్లకు దారి మూసుకుపోతుంది. పైగా ముగ్గురిలో ఒక్కరినే పిలిచి మిగతావారిని వదిలేస్తే, ఏ ప్రాతిపదికన అని ఎవరైనా అడిగితే సమాధానం ఉండాలి. కాబట్టి పిలిస్తే ఆ దశలో ఉన్న అందరినీ ఒకే కొలతతో చూసి పిలవాలి, ప్రకటన పక్కనే నడవాలి. పని కొంచెం పెరుగుతుంది. మేనేజర్లకు ఇది ఇప్పటికీ నచ్చదు.

దరఖాస్తుదారులు నన్ను అడిగేది సూటి ప్రశ్న: వాళ్లు పిలుస్తారని ఆగాలా? ఆగవద్దు. రెజ్యూమె దగ్గరే ఆగిపోయి ఉంటే ఆ మెయిలులోని చివరి వాక్యాన్ని మరచిపోండి, తర్వాతి ప్రకటనకు కొత్తగా దరఖాస్తు చేయండి. చివరి దాకా వెళ్లి ఉంటే లెక్క వేరు. మేనేజర్ స్వయంగా ఫోను చేసి కాదని చెప్పారా, రాబోయే ఫలానా ఖాళీ గురించి పేరుపెట్టి చెప్పారా, మిమ్మల్ని ఎందుకు తీసుకోలేదో మీ పనికి సంబంధించిన మాటల్లో వివరించారా? వీటిలో ఏదైనా జరిగితే ఆ ఇంట్లో మీరు ఒకరికి గుర్తున్నట్టే. ఆ ఒకరికి అప్పుడే నాలుగు మాటల జవాబు రాయండి, మారని ఫోను నంబరు, సొంత మెయిలు చిరునామా ఇవ్వండి. మీ పాత కంపెనీ మెయిలు ఇవ్వవద్దు, ఉద్యోగం మారగానే అది పోతుంది.

అదే కంపెనీ మళ్లీ ప్రకటన వేస్తే మొహమాటపడకుండా దరఖాస్తు చేయండి. కానీ పోర్టల్‌లో మీట నొక్కి ఊరుకోవద్దు. కిందటిసారి ఏ పోస్టుకు ఏ దశ దాకా వచ్చారో, అప్పటి నుంచి ఏం మారిందో మొదటి వాక్యంలోనే చెప్పి, మిమ్మల్ని ఇంటర్వ్యూ చేసిన మనిషికి నేరుగా రాయండి. మితభాషి అలా రాయలేదు. ఆయన ఫైలు మేం తెరిచింది, ఖర్చు తగ్గించే మార్గం చెప్పమని ఆ కంపెనీ నన్ను పిలిచినందువల్ల.

ఆ పోస్టుకు ఏజెన్సీకి ఫీజు కట్టాల్సిన అవసరం రాలేదు. ఆ తర్వాతి ఖాళీకి మాత్రం కట్టారు. అది ఆ కంపెనీలో అంతకుముందు లేని కొత్త పని, చూడటానికి పాత జాబితా ఏదీ లేదు.